రిస్క్ అసెస్‌మెంట్‌కి ఫార్మాట్ అడిగారు, ముందు స్క్రిప్టు తీయండి

మీరు అడిగింది ఇదీ. నెల్లూరులో డిగ్రీ ఆఖరి ఏడాది, 15 నిమిషాల షార్ట్ ఫిల్మ్. రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే తాత, పట్నం నుంచి వచ్చిన మనవడు. టీం 12 మంది, మే నెలాఖర్లో నాలుగు రోజుల షూటింగ్. మైపాడు బీచ్‌లో తెల్లవారుజామున మనవడు అలల్లోకి పరుగెత్తుతాడు. రాత్రి గుంట గట్టు మీద ఇద్దరికీ గొడవ. గట్టు రోడ్డు మీద బైక్ ఛేజ్. చివర్లో రైలు పట్టాల మీద తాత ఒంటరిగా నడిచి పోతాడు. రిస్క్ అసెస్‌మెంట్, అంటే షూటింగ్‌లో ఎక్కడ ఏ ప్రమాదం ఉందో, దానికి ఏం చేస్తారో రాసే కాగితం, రాసిస్తే గాని కెమెరా ఇవ్వనని మీ గైడ్ సార్ అన్నారు. "రెడీమేడ్ ఫార్మాట్ ఎవరి దగ్గరైనా ఉందా అన్నా?" అని మీ ప్రశ్న. మీరు రాసుకున్న చిత్తు కాగితం కూడా చూశాను.

ఫార్మాట్‌లో పెద్ద రహస్యం లేదు తమ్ముడూ. ఒక టేబుల్ గీయండి. ప్రమాదం ఏంటి, ఎవరికి, జరిగే అవకాశం ఎంత, జరిగితే దెబ్బ ఎంత, దానికి మనం ఏం చేస్తున్నాం, ఆ పని ఎవరిది. అవకాశానికి 1 నుంచి 5, దెబ్బకి 1 నుంచి 5 వేసి గుణిస్తారు. అంతే.

నేను చాలా ఏళ్ళు హైదరాబాద్‌లో అసిస్టెంట్ డైరెక్టర్‌గా, తర్వాత ప్రొడక్షన్ మేనేజర్‌గా తిరిగాను. ఇప్పుడు ఒంగోలులో ఉంటూ పిలకాయల సినిమాలకి చేతనైన సాయం చేస్తున్నా. ఈ టేబుల్‌తో జరిగే తమాషా చాలాసార్లు చూశాను. మొత్తం ఎంత రావాలో ముందే అనుకుని, దానికి సరిపోయేట్టు అంకెలు వేస్తారు. సముద్రంలో మునిగే అవకాశం 1, దెబ్బ 5, మొత్తం 5, కాబట్టి "తక్కువ రిస్క్". కాలు బెణికే అవకాశం 4, దెబ్బ 2, మొత్తం 8. అంటే ఈ కాగితం ప్రకారం మునగడం కంటే బెణుకు పెద్ద విషయం! దెబ్బ గడిలో 5 పడితే గుణకారం పక్కన పెట్టండి. ఆ సీను గురించి కూర్చుని మాట్లాడాల్సిందే.

కూర్చుని మాట్లాడేటప్పుడు మొదటి ప్రశ్న "జాగ్రత్తగా ఎలా తీద్దాం" కాదు, "ఈ షాట్ లేకుండా ఇదే సంగతి చెప్పలేమా" అన్నది. హెల్మెట్లు, తాళ్ళు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె అన్నీ దాని తర్వాతే. పెద్ద సినిమా అయితే సీను మార్చాలంటే పదిమంది ఒప్పుకోవాలి. మీకు ఒక పెన్ను చాలు. మీ దగ్గరున్న సేఫ్టీ పరికరాల్లో అన్నింటికన్నా చవకైనది అదే, మీరింకా దాన్ని బయటికి తీసినట్టు లేదు.

రైలు పట్టాల సీను తీసేయండి. దీన్లో బేరం లేదు. అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళితే 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అది చిన్న సంగతే అనుకుందాం. గంటకి 110 కిలోమీటర్లతో వచ్చే రైలు సెకనుకి 30 మీటర్లు దాటుతుంది. అర కిలోమీటరు దూరంలో కనబడితే మీకు ఉండేది 16 సెకన్లు. సౌండ్ తీసే కుర్రాడి చెవులకి హెడ్‌ఫోన్లు ఉంటాయి, కెమెరా మనిషి కన్ను వ్యూఫైండర్‌లో ఉంటుంది, తాత వేషం వేసిన ఆయన రైలుకి వీపు పెట్టి నడుస్తుంటాడు. ఇక చూసేదెవరు? 2014 ఫిబ్రవరిలో అమెరికాలోని జార్జియాలో ఒక సినిమా యూనిట్ రైలు వంతెన మీద షూటింగ్ పెట్టింది. రైల్వే కంపెనీ అనుమతి ఇవ్వలేదు. రెండు రైళ్ళు పోయాక ఇక రావని లెక్కేసుకున్నారు. మూడోది వచ్చింది. కెమెరా అసిస్టెంట్ సారా జోన్స్ చనిపోయింది, వయసు 27. డైరెక్టర్ జైలుకి పోయాడు. అక్కడున్న వాళ్ళంతా ఏళ్ళ తరబడి ఇదే పని చేసినవాళ్ళని గుర్తుపెట్టుకోండి.

మీ కథకి కావాల్సింది తాత వెళ్ళిపోవడం, పట్టాలు కాదు. చీకట్లో గోడ పక్కన తాత మొహం, దాని మీద కిటికీల వెలుగులు వరసగా జారిపోతున్నట్టు ఒక ఎల్‌ఈడీ లైటు ముందు అట్టముక్క ఆడించండి, రైలు చప్పుడు తర్వాత కలపండి. నాకైతే పట్టాల మీద నడక కంటే ఇదే బాగుంటుందనిపిస్తోంది. ఆ నడక ఇప్పటికే ప్రతి రెండో షార్ట్ ఫిల్మ్‌లో ఉంది.

ఇక సముద్రం. మైపాడు అయినా, ఇటు కొత్తపట్నం అయినా, మన తీరంలో పైకి కనిపించని సంగతి ఒకటుంది. ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పోవడానికి ఒక దారి చేసుకుంటాయి. మిగతా చోట్ల అలలు తెల్లగా విరుగుతుంటే, ఆ దారిలో మాత్రం నీళ్ళు నున్నగా, నెమ్మదిగా కనిపిస్తాయి. కొత్తవాళ్ళు "ఇక్కడ అలలు తక్కువ, ఇక్కడే దిగుదాం" అనుకునేది సరిగ్గా అక్కడే. దాన్లో చిక్కితే ఒడ్డుకేసి ఎదురీదకూడదు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, ఆ లాగుడు తప్పాక బయటికి రావాలి. ఇది మీ నటుడికి ముందే తెలియాలి. కానీ తెలిసినంత మాత్రాన, తడిసిన జీన్స్ ప్యాంటుతో భయంలో ఉన్న మనిషికి అది గుర్తొస్తుందని నేను నమ్మను. అందుకే అంతదూరం పోకుండా చూడటమే పని.

మోకాలి లోతు దాటొద్దు. కెమెరాని బాగా కిందికి దించి, ఒడ్డు మీద వెనక్కి జరిగి, దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపే లాంగ్ లెన్స్‌తో తీయండి. వెనకున్న అలలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనబడి, మోకాలి లోతులో ఉన్న మనిషి నడిసముద్రంలో ఉన్నట్టుంటాడు. ఈత వచ్చిన మనుషులు ఇద్దరు ఫ్రేముకి బయట నీళ్ళలోనే నిలబడాలి. ఒడ్డున కాదు, నీళ్ళలో. చేతిలో తాడు, గాలి నింపిన లారీ ట్యూబు. ఈ ఇద్దరూ మీ టీం వాళ్ళు కాకూడదు. మీకు కలిసొచ్చేది ఏంటంటే, తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం. మేలో పట్టపుపాలెం (చేపలు పట్టేవాళ్ళ ఊరు) మగవాళ్ళు చాలామంది ఇంటిపట్టునే ఉంటారు. రెండు పూటలకి కూలి మాట్లాడుకోండి. ముందురోజు అదే వేళకి, తెల్లవారుజామున, వాళ్ళతో కలిసి ఆ చోటికి వెళ్ళి "ఈడ దిగొచ్చా?" అని అడగండి. వాళ్ళు వద్దన్న చోటు మీ ఫ్రేముకి ఎంత అందంగా ఉన్నా వద్దు.

ఈత గురించి ఒక మాట. 2016 నవంబరులో బెంగళూరు దగ్గర తిప్పగొండనహళ్ళి రిజర్వాయర్‌లో, ఒక కన్నడ సినిమా కోసం హెలికాప్టర్ మీది నుంచి నీళ్ళలోకి దూకిన ఇద్దరు నటులు మునిగి చనిపోయారు. తమకి ఈత సరిగా రాదని దూకేముందే విలేకరులకి చెప్పారు వాళ్ళు. చుట్టూ అంతమంది ఉన్నారు, అందరూ విన్నారు. అవకాశం పోతుందని నటుడు వెనక్కి తగ్గడు, షాట్ పోతుందని డైరెక్టర్ ఆపడు. మీ మనవడి పాత్ర కుర్రాడిని నలుగురి ముందు "ఈత వచ్చా?" అని అడిగితే వచ్చనే అంటాడు. పక్కకి పిలిచి అడగండి.

రొయ్యల గుంట దగ్గరికి వద్దాం. నాకు అన్నింటికన్నా టెన్షన్ పెట్టే సీను ఇదే, మీరేమో దీన్ని "లో రిస్క్" అని రాశారు. డైలాగ్ సీనే కదా అనుకున్నారు. రాత్రి, నీళ్ళు, కరెంటు, మూడూ ఒకచోట ఉన్నాయి.

ఏడెనిమిదేళ్ళ కింద సింగరాయకొండ వైపు ఒక గుంట దగ్గర నేను దగ్గరుండి చేసిన తప్పు చెబుతాను. జనరేటర్ అద్దె మిగులుతుందని ఏరియేటర్ల (గుంట నీళ్ళలోకి గాలి కలిపే మోటార్లు) స్టార్టర్ పెట్టె నుంచే లైట్లకి లైను లాగాం. వైరు చాలకపోతే మధ్యలో ఒక జాయింటు వేసి టేపు చుట్టాం. ఆ జాయింటు గట్టు మీద గడ్డిలో పడుంది. రాత్రి పదకొండు దాటాక మంచు పడి గడ్డంతా తడి. రిఫ్లెక్టర్ పట్టుకున్న కుర్రాడు ఇంకొంచెం కోణం కోసం ఒక కాలు నీళ్ళలో పెట్టాడు. "అన్నా, కాలు జివ్వుమంటోంది" అని నవ్వాడు. నవ్వాడు కాబట్టి మేమూ నవ్వాం. గుడిసె ముందు మంచం మీద పడుకున్న కాపలా తాత లేచి పరుగెత్తింది మాత్రం మా వైపు కాదు, స్టార్టర్ పెట్టె వైపు. హ్యాండిల్ లాగేశాడు. మొత్తం చీకటి. ఆ చీకట్లో ఆయన గొంతు: "ఏంది నాయనా ఇది! గుంటలో చెయ్యి పెట్టాలంటే మేమే మెయిన్ ఆపి పెడతాం గదా." ఆ మాట ఆయన్ని అడిగి తెలుసుకునే పాటి బుద్ధి సాయంత్రం నుంచీ మాలో ఎవరికీ పుట్టలేదు. కుర్రాడికి ఏమీ కాలేదు. ఆ షాట్ మాత్రం ఇప్పటికీ నా హార్డ్ డిస్క్‌లో ఉంది, నేను చూడను.

కాబట్టి మీ రాత్రి సీనుకి గట్టు మీద ఒక్క వైరు కూడా ఉండకూడదు. బ్యాటరీతో నడిచే ఎల్‌ఈడీ ప్యానెళ్ళు రెండు మూడు అద్దెకి తెచ్చుకోండి. ఇప్పటి కెమెరాలకి ఆ వెలుగు చాలు, చాలకపోతే గుడిసె దగ్గర ఒక లాంతరు ఫ్రేములోనే పెట్టండి. జనరేటర్ తప్పదంటే దాన్ని గట్టుకి దూరంగా, గాలి మీ వైపు వీచని చోట పెట్టాలి. మూసిన షెడ్డులో వద్దు, ఆ పొగ మనిషిని తెలియకుండానే చంపుతుంది. ఎర్తింగ్ ఉండాలి, లైనులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) ఉండాలి. ఈ రెండూ ఎలక్ట్రీషియన్ చేత పెట్టించండి, మీ టీంలో "నాకు తెలుసు" అనే కుర్రాడి చేత కాదు. చుట్టకి చుట్టిన ఎక్స్‌టెన్షన్ వైరుని మొత్తం విప్పి వాడండి, చుట్టలో ఉండగా లోడు పడితే వేడెక్కి తోలు కరుగుతుంది.

ఇంకో చిక్కు ఉంది, మీ ప్రశ్నలో రాలేదు గాని షూటింగ్ రోజు తప్పకుండా వస్తుంది. ఏరియేటర్ల మోతకి డైలాగ్ వినబడదు. సౌండ్ కుర్రాడు "అరగంట ఆపమని అడగండి" అంటాడు. అడగొద్దు. రాత్రి గడిచేకొద్దీ నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతూ తెల్లవారుజాముకి అట్టడుక్కి పడుతుంది, ఆ వేళ ఏరియేటర్ ఆగితే రైతు పంట మొత్తం తేలిపోవచ్చు. మీ చేతుల్తో ఎవరివో లక్షలు నీళ్ళపాలు కావడం కూడా ప్రమాదమే, దాన్నీ టేబుల్‌లో రాయండి. దీనికి మందు ఒకటే. రొయ్యల పట్టుబడి అయిపోయి, తర్వాతి పంటకి ఇంకా రొయ్యపిల్లని వదలని గుంట వెతుక్కోండి. ఏరియేటర్లు ఉండవు, కరెంటు ఉండదు, మోత ఉండదు. సేఫ్టీ, సౌండ్ రెండూ ఒకే దెబ్బకి తీరతాయి. అలాంటి గుంట ఎక్కడుందో కాపలావాళ్ళకి, మేత సంచులు తోలే ఆటోవాళ్ళకి తెలుస్తుంది.

గట్టు అంచున జారితే? కొన్ని గుంటలకి ప్లాస్టిక్ షీటు పరిచి ఉంటుంది. నాచు పట్టాక దాని మీద పట్టు దొరకదు, నిలువెత్తు నీళ్ళు లేకపోయినా పైకి రాలేక మనిషి అలసిపోతాడు. ఒక తాడు గుంజకి కట్టి నీళ్ళలోకి వదిలి ఉంచండి. పాముల సంగతి మీకే తెలుసు. గట్ల మీద రక్తపింజరి, కట్లపాము తిరుగుతాయి. అందరికీ బూట్లు, తలకొక టార్చ్. కరిస్తే కొయ్యడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు బిగించడం ఏదీ చెయ్యొద్దు. కాలు కదలకుండా పెట్టి నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి. నాటువైద్యం పేరు చెప్పి ఎవరైనా దారి మళ్ళిస్తే వినొద్దు.

బైక్ ఛేజ్ గురించి ఎక్కువ చెప్పను. కెమెరామన్ బైక్ వెనక సీట్లో వెనక్కి తిరిగి కూర్చోవడం వద్దు, ట్రాలీ ఆటోలో కూర్చోబెట్టి నడుముకి కట్టండి. బైకులు 25 దాటొద్దు. కెమెరా రోడ్డుకి జానెడు ఎత్తులో ఉంటే 25 కూడా 70లా కనబడుతుంది, అవసరమైతే సెకనుకి 18 ఫ్రేములతో తీసి మామూలు వేగంలో చూపించండి. మన వైపు ఒక ప్రత్యేకమైన తద్దినం ఉంది, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు. వాటి మీద బ్రేకు వేస్తే టైరు గోళీల మీద ఉన్నట్టే. పొద్దున్నే ఒకసారి ఆ దారంతా నడిచి రండి. రెండు చివర్లా ఒక్కొక్కరు ఫోన్లతో నిలబడాలి. హైవే మాత్రం ఊహలోకి కూడా రానివ్వొద్దు.

(ఒంగోలు వైపు టీములు ఇది చదువుతుంటే: చీమకుర్తిలో వదిలేసిన గ్రానైట్ గుంతల్లో నీలంగా నిలిచిన నీళ్ళు చూసి పాటలు తీయాలని అందరికీ పుడుతుంది. అంచు నిలువునా కోసి ఉంటుంది, ఒడ్డు అనేది ఉండదు, పడితే ఎక్కే చోటు లేదు. డ్రోన్ కూడా అంచున నిలబడి ఎగరేయొద్దు, కళ్ళు ఫోన్ స్క్రీన్‌లో, కాళ్ళు వెనక్కి పోతుంటాయి.)

ఎండ. మీరు ఎంచుకున్నది సరిగ్గా రోహిణి కార్తె. పొద్దున 5 నుంచి 10, సాయంత్రం 4 నుంచి చీకటి దాకా. మధ్యలో షెడ్యూల్ రాయకండి, రాస్తే తీస్తారు. 12 మందికి రోజుకి 20 లీటర్ల క్యాన్లు మూడు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, కుదిరితే మజ్జిగ. ఎవరైనా తిక్కతిక్కగా మాట్లాడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా, పడిపోయినా అది నీరసం కాదు, వడదెబ్బ. నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిపి విసురుతూ 108కి ఫోన్ చెయ్యాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు పొయ్యొద్దు.

దీన్లోనే ఒక సంగతి, మగపిల్లలు రాసిన ఏ రిస్క్ అసెస్‌మెంట్‌లోనూ నేను ఇంతవరకు చూడలేదు. మీ టీంలో నలుగురు అమ్మాయిలు ఉన్నారన్నారు. బీచ్‌లో, గుంటల దగ్గర బాత్‌రూం లేదు. వాళ్ళు ఏం చేస్తారో తెలుసా? పొద్దున్నుంచీ నీళ్ళు తాగడం మానేస్తారు. నా షూటింగుల్లో ఎండకి పడిపోయిన ఇద్దరూ అమ్మాయిలే, ఇద్దరి పక్కనా నిండు నీళ్ళ బాటిల్ ఉంది. దగ్గర్లో ఒక ఇల్లు మాట్లాడి, గంటన్నరకోసారి బండిలో తీసుకెళ్ళే ఏర్పాటు చేయండి. టేబుల్‌లో మొదటి వరసలో రాయండి.

రాత్రి షూటింగ్ అయ్యాక ఇంటికి పోవడం కూడా షూటింగే. 1997లో అమెరికాలో ఒక కెమెరా అసిస్టెంట్ 19 గంటలు పనిచేసి కారు నడుపుకుంటూ ఇంటికి పోతూ నిద్రలోకి జారి చనిపోయాడు. మీరేమో అర్ధరాత్రి దాటాక రెండింటికి ప్యాకప్ చెప్పి, లైటు స్టాండు ఒళ్ళో పెట్టుకుని ఇద్దరేసి బైకు మీద నెల్లూరుకి తిరిగి వద్దామనుకుంటున్నారు. వద్దు. ఊళ్ళో ఒక ఇంటి పంచ అడిగి చాపలు వేసుకుని అక్కడే పడుకోండి. మర్నాడు షూటింగ్‌కి రమ్మన్న టైముకి ముందు పది గంటల విరామం ఉండాలి. రాత్రి సీనుని నాలుగో రోజుకి జరిపితే ఈ చిక్కే ఉండదు.

కాగితం మీద ఎవరి పని అన్న గడిలో "టీం అందరూ" అని రాశారు. అందరిదీ అంటే ఎవరిదీ కాదు. ఒక్కరి పేరు రాయండి, అది డైరెక్టర్ పేరు కాకూడదు, కెమెరామన్ పేరు కాకూడదు. షాట్ మీద ప్రేమ ఉన్నవాళ్ళకి ఈ పని చేతకాదు. నాకూ ఆ రాత్రి సింగరాయకొండలో చేతకాలేదు. ఆ మనిషి "ఆపు" అంటే కెమెరా ఆగాలి, ఎందుకన్నది తర్వాత. ఈ మాట మొదటిరోజు పొద్దున డైరెక్టరే అందరి ముందు చెప్పాలి. వేరేవాళ్ళు చెబితే పనిచెయ్యదు. తొలిసారి "ఆపు" అన్నప్పుడు డైరెక్టర్ మొహం ఎలా పెడతాడో అందరూ చూస్తారు, మిగతా మూడు రోజులు దాన్నిబట్టే నడుస్తాయి.

కాల్ షీటు (ఆ రోజు షూటింగ్ వివరాల కాగితం) మీద 108 రాస్తే చాలదు. అంబులెన్సు డ్రైవరుకి "గుంటల దగ్గర" అంటే ఎక్కడని వస్తాడు? ఊరి పేరు, మండలం, మలుపు దగ్గర గుడో పంపుసెట్టో ఏదో ఒక గుర్తు, మ్యాప్ లొకేషన్ ముందే రాసి పెట్టండి. గట్టు మీద ఏ ఫోనుకి సిగ్నల్ ఉందో ముందుగా చోటు చూడబోయిన రోజే చూడండి. ఒక కారు ఎప్పుడూ రోడ్డు వైపు తిప్పి ఉండాలి, తాళం డ్రైవర్ జేబులో కాదు, బండిలోనే. రక్తం గ్రూపు, అలర్జీలు, ఇంట్లోవాళ్ళ నంబర్లు ఒక కాగితం మీద రాసి ఆ బండిలో పెట్టండి. 18 నిండని వాళ్ళు ఎవరైనా ఉంటే తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి.

టేబుల్ మళ్ళీ రాశాక నాకు పంపండి, చూస్తాను. కానీ ఇంట్లో కూర్చుని రాయకండి. ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరి మైపాడు పోండి, పట్టపుపాలెంలో మనుషుల్ని మాట్లాడుకోండి, సాయంత్రం చీకటి పడేదాకా గుంటల దగ్గర ఉండండి. పోయేటప్పుడు కాపలా తాతకి ఏదైనా తినడానికి పట్టుకెళ్ళండి. మీ టేబుల్‌లో సగం వరసలు ఆయనే చెబుతాడు.